తిప్పి పేర్చిన ద్విమితీయ పదార్థాలు: ఎలక్ట్రానిక్ ధర్మాలు

ఒకటి నుంచి మూడు పరమాణువుల మందం మాత్రమే ఉండే స్ఫటిక పొరలను ద్విమితీయ పదార్థాలు అంటారు. ఇలాంటి రెండు పొరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పొరను కొద్ది కోణం పక్కకు తిప్పితే ఆ జంటలోని ఎలక్ట్రాన్ల నడత విడి పొరల్లో ఉన్నదానికి పొంతన లేకుండా మారిపోవచ్చు. కార్బన్ తప్ప మరేమీ లేని పొరలు ఒకచోట విద్యుత్ బంధకంగా, మరోచోట అతివాహకంగా, ఇంకోచోట అయస్కాంతంగా మారతాయి. కొత్తగా కలిపిన మూలకం ఏదీ ఉండదు, కోణమే మారుతుంది. ఈ రంగాన్ని ట్విస్ట్రానిక్స్ అంటున్నారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎఫ్తిమియోస్ కాక్సిరాస్ బృందం 2017లో ఈ పేరు పెట్టింది. మరుసటి ఏడాది మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ఫలితాలు వెలువడ్డాక అది అందరి నోటా నానింది.

పొరలు, మోరే జాలకం

గ్రాఫైట్‌లో ప్రతి పొరలోనూ కార్బన్ పరమాణువులు తేనెపట్టు గడుల ఆకారంలో గట్టిగా అల్లుకొని ఉంటాయి. పొరకూ పొరకూ మధ్య పట్టు మాత్రం బలహీనం. అందుకే 2004లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నోవోసెలోవ్ బృందం అంటుకునే టేపుతో ఒక్క పొరను ఊడదీయగలిగింది. ఆ పొరే గ్రాఫీన్. దాని మీద చేసిన ప్రయోగాలకు ఆ ఇద్దరికీ 2010లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. గ్రాఫీన్‌లో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.142 నానోమీటర్లు. జాలకంలో అదే అమరిక మళ్లీ మొదలయ్యే దూరం 0.246 నానోమీటర్లు. గ్రాఫైట్‌లో పొరల మధ్య ఎడం 0.335 నానోమీటర్లు.

రెండు దోమతెరలను ఒకదాని మీద ఒకటి వేసి కొంచెం పక్కకు తిప్పితే, ఏ తెరలోనూ లేని పెద్ద పెద్ద గడులు కంటికి కనిపిస్తాయి. దీన్నే మోరే నమూనా అంటారు. పరమాణు పొరల్లోనూ ఇదే జరుగుతుంది. కోణం ఎంత చిన్నదైతే మోరే గడి అంత పెద్దది. జాలక దూరాన్ని రేడియన్లలో చెప్పిన కోణంతో భాగిస్తే గడి పొడవు దాదాపుగా వస్తుంది. 1.1 డిగ్రీల కోణం దగ్గర అది సుమారు 13 నానోమీటర్లు, అంటే అసలు జాలక దూరానికి యాభై రెట్లు. అలాంటి ఒక్క గడిలో రెండు పొరల్లో కలిపి దాదాపు 11 వేల కార్బన్ పరమాణువులుంటాయి.

గడి అంతటా అమరిక ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల పై పరమాణువు సరిగ్గా కింది పరమాణువు మీదే కూర్చుంటుంది. దీన్ని ఏఏ అమరిక అంటారు. మరికొన్నిచోట్ల పై పొరలోని పరమాణువుల్లో సగం, కింది పొరలోని షడ్భుజాల ఖాళీ మధ్యభాగాల మీదకు వస్తాయి. ఇది ఏబీ అమరిక, సహజ గ్రాఫైట్‌లో ఉండేది ఇదే. ఏఏ కంటే ఏబీకి శక్తి తక్కువ. కాబట్టి కోణం బాగా చిన్నదైనప్పుడు పొరలు తమంతట తామే కొద్దిగా సాగి, ఏబీ ప్రాంతాలను పెంచుకొని ఏఏ ప్రాంతాలను చిన్న చుక్కలుగా కుదించుకుంటాయి. మోరేను బొమ్మగా మాత్రమే చూస్తే ఈ సర్దుబాటు లెక్కలోకి రాదు. కానీ శక్తి లెక్కల్లో దీన్ని వదిలేస్తే ఫలితాలు తప్పుతాయి.

మోరే ఏర్పడటానికి కోణమే ఉండాలన్న నియమం లేదు. రెండు పొరల జాలక దూరాలు వేరైనా చాలు. గ్రాఫీన్‌కూ హెక్సాగోనల్ బోరాన్ నైట్రైడ్‌కూ తేడా 1.8 శాతం. వాటిని కోణం లేకుండా సరిగ్గా కలిపి పేర్చినా దాదాపు 14 నానోమీటర్ల మోరే వస్తుంది. టంగ్‌స్టన్ డైసెలినైడ్, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ జంటలో తేడా 4 శాతం, గడి సుమారు 8 నానోమీటర్లు.

పెద్ద గడి వల్ల కలిగే లాభం మొదట 2013లో తేలింది. అయస్కాంత క్షేత్రంలో ఉన్న స్ఫటికంలో ఎలక్ట్రాన్ శక్తి స్థాయిలు సీతాకోకచిలుక రెక్కల్లాంటి అమరికలోకి చీలిపోతాయని డగ్లస్ హాఫ్‌స్టాటర్ 1976లో లెక్కగట్టాడు. దాన్ని పూర్తిగా చూడాలంటే గడిలో ఒక క్వాంటం అయస్కాంత అభివాహం పట్టాలి. గ్రాఫీన్ సొంత గడి ఎంత చిన్నదంటే, దానికి దాదాపు 80 వేల టెస్లాల క్షేత్రం కావాలి. భూమి మీద ఏ ప్రయోగశాలకూ అది సాధ్యం కాదు. బోరాన్ నైట్రైడ్ మీద పెట్టిన గ్రాఫీన్ మోరేలో 25 టెస్లాలు చాలు. కొలంబియా, మాంచెస్టర్, ఎంఐటీ బృందాలు మూడూ ఒకే ఏడాదిలో ఆ రెక్కల జాడలు పట్టుకున్నాయి.

చదును పట్టీలు

గ్రాఫీన్‌లో ఎలక్ట్రాన్ శక్తి దాని ద్రవ్యవేగానికి సూటిగా అనులోమానుపాతంలో పెరుగుతుంది. రేఖాచిత్రంలో గీస్తే రెండు శంకువులు మొనలు కలుపుకొని నిలబడ్డట్టు ఉంటుంది. ఆ మొనలను డిరాక్ బిందువులు అంటారు. ఎలక్ట్రాన్ ఎంత శక్తితో ఉన్నా వేగం ఒక్కటే: సెకనుకు సుమారు పది లక్షల మీటర్లు, అంటే కాంతి వేగంలో మూడు వందలవ వంతు. ఇంత చురుగ్గా తిరిగే ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పెద్దగా పట్టించుకోవు. అందుకే ఒంటరి గ్రాఫీన్ మంచి వాహకమే తప్ప, వింత ప్రవర్తనల గని కాదు.

రెండు పొరలను తిప్పి పెట్టినప్పుడు ఒక పొర శంకువులు రెండోదాని శంకువుల నుంచి ద్రవ్యవేగ అక్షం మీద కొద్దిగా జరుగుతాయి. జరిగిన దూరం కోణాన్ని బట్టి ఉంటుంది. శంకువులు ఖండించుకున్న చోట, ఎలక్ట్రాన్ ఒక పొర నుంచి మరో పొరకు దూకగలగడం వల్ల శక్తి స్థాయిలు చీలి, కింది శక్తి పట్టీ ఇంకా కిందకు నెట్టబడుతుంది. పొరల మధ్య ఈ దూకుడు బలం సుమారు 100 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు. కోణం పెద్దదైతే ఖండన బిందువు చాలా ఎత్తున ఉంటుంది కాబట్టి అడుగున ఏమీ మారదు. కోణం తగ్గుతున్నకొద్దీ ఖండన శక్తి దిగివచ్చి దూకుడు బలంతో సమఉజ్జీ అవుతుంది. దాదాపు 1.1 డిగ్రీల దగ్గర రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకొని, డిరాక్ బిందువు వద్ద వేగం సున్నాకు పడిపోతుంది. పట్టీ మొత్తం వెడల్పు కొద్ది మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు కుంచించుకుపోతుంది. దీన్నే చదును పట్టీ అంటారు.

అసలు మలుపు ఇక్కడే. ఎలక్ట్రాన్ల చలన శక్తి ఇలా అణగారిపోయాక, వాటి మధ్య విద్యుత్ వికర్షణదే పైచేయి అవుతుంది. ఒక్కో ఎలక్ట్రాన్‌ను విడిగా చూసి మొత్తాన్ని లెక్కగట్టే పద్ధతి ఇక పనికిరాదు. అవన్నీ కూడబలుక్కున్నట్టు నడుస్తాయి. దీన్ని సహసంబంధం అంటారు. రాగి ఆక్సైడ్ అతివాహకాల వంటి పదార్థాల్లో దశాబ్దాలుగా తలనొప్పిగా మిగిలిన సమస్య ఇదే. అక్కడ ఎలక్ట్రాన్ల సంఖ్య మార్చాలంటే కొత్త పాళ్లతో కొత్త స్ఫటికం పెంచాలి. ఇక్కడ గేట్ వోల్టేజి మార్చితే సరిపోతుంది. ఒకే చిప్ మీద మధ్యాహ్నంలోగా బంధకం నుంచి అతివాహకం దాకా నడిచి రావచ్చు. ఈ రంగం ఇంత త్వరగా పెరగడానికి అతివాహకత కంటే ఈ వెసులుబాటే పెద్ద కారణమని చెప్పాలి.

ఈ సిద్ధాంతం మెట్టుమెట్టుగా వచ్చింది. తిప్పిన జంటలో వేగం తగ్గుతుందని 2007లో లోపెస్ డోస్ శాంటోస్, పెరెస్, కాస్ట్రో నెటో చెప్పారు. 2010లో రట్గర్స్ విశ్వవిద్యాలయంలో ఈవా ఆండ్రే బృందం స్కానింగ్ టనెలింగ్ సూక్ష్మదర్శినితో, కోణాన్ని బట్టి జరిగే శక్తి శిఖరాలను ప్రత్యక్షంగా చూసింది. అదే ఏడాది చిలీ పరిశోధకులు లెక్కల్లో చదును పట్టీని గుర్తించారు. 2011లో ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం నుంచి రఫీ బిస్ట్రిట్జర్, ఎలన్ మెక్‌డొనాల్డ్ అన్నిటినీ ఒక సులభమైన నమూనాలోకి తెచ్చారు. వేల పరమాణువులను విడివిడిగా లెక్కించే పని లేకుండా, 1.05 డిగ్రీల వద్ద వేగం సున్నా అవుతుందని చూపి దానికి మాయా కోణమని పేరు పెట్టారు. వారు చెప్పిన జోస్యం నిజమని తేలడానికి ఏడేళ్లు పట్టింది. పదో వంతు డిగ్రీ కచ్చితత్వంతో పొరలు పేర్చే నేర్పు అప్పటికి ఎవరి దగ్గరా లేదు.

తయారీ

ఆ నేర్పు 2016లో ఆస్టిన్‌లోనే, ఇమాన్యుయెల్ టుటుక్ బృందం దగ్గర కుదిరింది. ఉపాయం చాలా సరళం. రెండు వేర్వేరు గ్రాఫీన్ తునకల దిశలను సరిచూసుకోవడం కష్టం కాబట్టి, ఒకే తునకను రెండుగా చింపితే సరిపోతుంది. పారదర్శక పాలిమర్ ముద్దకు అంటించిన బోరాన్ నైట్రైడ్ పొరను తునకలో సగం మీద మాత్రమే ఆనించి ఎత్తితే, ఆ సగం చిరిగి దానితో పాటు పైకి వస్తుంది. పీఠాన్ని కావలసిన కోణం తిప్పి, అదే ముద్దతో మిగతా సగాన్ని కూడా ఎత్తుకుంటారు. రెండు సగాలూ ఒకే స్ఫటికం నుంచి వచ్చాయి కాబట్టి తిప్పిన కోణమే పొరల మధ్య కోణం అవుతుంది.

కాగితం మీద ఇంత తేలిక. చేతిలో మాత్రం పొరలు ఏబీ అమరికలోకి జారిపోవాలని చూస్తుంటాయి. ఎక్కువ వేడి చేస్తే కోణం సడలిపోతుంది. ఆనించేటప్పుడు పడే బుడగలు, ముడతలు, సాగుళ్లు కోణాన్ని చోటుచోటుకూ మార్చేస్తాయి. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో ఎల్దాద్ జెల్‌డోవ్ బృందం 2020లో అతి చిన్న అయస్కాంత గ్రాహకంతో ఒక పరికరాన్ని గాలించి, కోణం దాని లోపలే అంతటా హెచ్చుతగ్గులతో పరుచుకొని ఉందని పటం గీసి చూపింది. ఒకే కోణం రాసి ఉన్న రెండు పరికరాలు రెండు రకాలుగా ప్రవర్తించడం ఈ రంగంలో మామూలే. ఒక ప్రయోగ పత్రంలోని అంకెను చదివేటప్పుడు ఈ సంగతి మరవకూడదు.

మరో విశేషం. ప్రపంచంలో ఎక్కడ ఈ పరికరం తయారైనా, చుట్టూ కవచంగా పెట్టే మేలైన బోరాన్ నైట్రైడ్ స్ఫటికాలు చాలావరకు జపాన్‌లోని సుకుబా నుంచి, తకాషి తనిగుచి, కెంజి వతనబే ప్రయోగశాల నుంచి వస్తాయి. అందుకే ఈ రంగంలోని పత్రాల్లో రచయితల వరుస చివర ఆ రెండు పేర్లు తరచూ కనిపిస్తాయి.

2018, ఆ తర్వాత

2018 మార్చిలో ఎంఐటీకి చెందిన పాబ్లో జారిల్లో-హెరెరో, ఆయన విద్యార్థి యువాన్ త్సావో, వారి సహచరులు నేచర్ పత్రికలో వెంటవెంటనే రెండు పత్రాలు ప్రచురించారు. ఎలక్ట్రాన్‌కు స్పిన్ రెండు రకాలు. గ్రాఫీన్ పట్టీల్లో శంకువుల స్థానాలు రెండు, వీటిని లోయలు అంటారు. కాబట్టి ఒక్కో చదును పట్టీ మోరే గడికి నాలుగు ఎలక్ట్రాన్లను పట్టుకుంటుంది. సగం నిండినప్పుడు, అంటే గడికి రెండు ఉన్నప్పుడు, మామూలు సిద్ధాంతం ప్రకారం అది లోహం కావాలి. వారు చూసింది బంధకం. అక్కడి నుంచి ఎలక్ట్రాన్ల సంఖ్యను కొద్దిగా మార్చగానే నిరోధం సున్నాకు పడిపోయింది. అతివాహకత 1.7 కెల్విన్ వరకు నిలిచింది.

1.7 కెల్విన్ అంటే మైనస్ 271 డిగ్రీల సెల్సియస్. సీసం అంతకంటే ఎంతో పైన, 7.2 కెల్విన్ దగ్గరే అతివాహకమవుతుంది. మరి గొప్ప ఏమిటి? చదరపు సెంటీమీటరుకు ఇక్కడున్న ఎలక్ట్రాన్లు లక్ష కోట్ల స్థాయివి, అతివాహక లోహాలతో పోల్చితే అత్యల్పం. అంత పలుచటి ఎలక్ట్రాన్ గుంపు ఆ ఉష్ణోగ్రత దాకా అతివాహకతకు మూలమైన జంటలు కట్టి ఉండటం అంటే, వాటి మధ్య బంధం చాలా బలమైనదని అర్థం. ఆ నిష్పత్తిలో చూస్తే ఇది రాగి ఆక్సైడ్ల సరసన నిలుస్తుంది.

తర్వాత ఏడాదిలోనే ఇతర ప్రయోగశాలలు దీన్ని ధ్రువీకరించాయి. కొలంబియా, శాంటా బార్బరా బృందాలు 1.27 డిగ్రీల కోణంలో పొరలను గట్టిగా నొక్కి, మాయా కోణం కాని చోట కూడా అతివాహకత తెప్పించాయి. నొక్కితే పొరల మధ్య దూకుడు బలం పెరుగుతుంది, అప్పుడు పెద్ద కోణం కూడా చదును ఇస్తుంది. సిద్ధాంతానికి ఇంతకంటే శుభ్రమైన పరీక్ష దొరకదు. బార్సిలోనాలో దిమిత్రి ఎఫెటోవ్ బృందం మరింత సమంగా ఉన్న పరికరాల్లో, గడికి ఒకటి, రెండు, మూడు ఎలక్ట్రాన్ల వంటి పూర్ణాంకాలన్నిటి దగ్గరా విశేష స్థితులను చూపింది. 2020 వుల్ఫ్ బహుమతి బిస్ట్రిట్జర్, మెక్‌డొనాల్డ్, జారిల్లో-హెరెరోలకు దక్కింది.

అయస్కాంతత్వం కథ వేరు. 2019లో స్టాన్‌ఫర్డ్‌లో డేవిడ్ గోల్డ్‌హేబర్-గోర్డన్ బృందం, పట్టీ నాలుగింట మూడు వంతులు నిండిన చోట అయస్కాంతత్వాన్ని గుర్తించింది. ఆ వెంటనే శాంటా బార్బరాలో ఆండ్రియా యంగ్ బృందం, బయటి క్షేత్రం లేకుండానే హాల్ నిరోధం (ప్రవాహానికి అడ్డంగా కొలిచేది) కచ్చితమైన క్వాంటం విలువ దగ్గర నిలవడాన్ని 1.6 కెల్విన్ వద్ద చూపింది. ఇనుములో అయస్కాంతత్వానికి ప్రధాన మూలం ఎలక్ట్రాన్ స్పిన్. ఇక్కడ ఎలక్ట్రాన్లు మోరే గడుల్లో సుడులు తిరగడం వల్ల అది పుడుతుంది. కాబట్టి అతి స్వల్ప విద్యుత్ ప్రవాహంతోనే దాని దిశ తిప్పవచ్చు. గ్రాఫీన్ కింద బోరాన్ నైట్రైడ్ దిశ కూడా సరిగ్గా కలిసినప్పుడే ఈ ఫలితం వచ్చింది. పరికరంలో కవచం కూడా ఒక పాత్రధారి అన్నమాట.

మూడు పొరలు పేర్చి నడిమి పొరను మాత్రమే తిప్పితే మాయా కోణం దాదాపు 1.6 డిగ్రీలకు పెరుగుతుంది, అతివాహకత మరింత దృఢమవుతుంది. 2021లో ఎంఐటీ, హార్వర్డ్ దీన్ని చూపించాయి. మామూలు అతివాహకాల్లో జంటలు విడిపోవలసిన హద్దుకు రెండు మూడు రెట్లు బలమైన సమాంతర అయస్కాంత క్షేత్రాన్ని అది తట్టుకుంది. అంటే జంటలోని రెండు ఎలక్ట్రాన్ల స్పిన్లు వ్యతిరేక దిశల్లో ఉండే మామూలు పద్ధతి ఇక్కడ చెల్లకపోవచ్చు.

జంటలను కట్టేది ఏమిటన్న ప్రశ్న మీద వాదం తెగలేదు. రాగి ఆక్సైడ్లలో లాగే బంధక స్థితి పక్కనే అతివాహకత కనిపించడంతో, రెండోది మొదటిదాని నుంచే పుడుతుందని తొలుత చాలామంది అనుకున్నారు. 2020లో లోహపు తెరను దగ్గరగా పెట్టి ఎలక్ట్రాన్ల వికర్షణను అణచినప్పుడు బంధకం మాయమైంది, అతివాహకత మిగిలింది. దీంతో జాలక కంపనాలే జంటలు కడతాయన్న పాత సిద్ధాంతానికి మళ్లీ బలం వచ్చింది. 2021లో ప్రిన్స్‌టన్‌లో అలీ యాజ్దానీ బృందం టనెలింగ్ కొలతల్లో, మామూలు కంపన సిద్ధాంతంతో కలవని ఆకారాన్ని చూపి తూకాన్ని మళ్లీ తొలి అభిప్రాయం వైపు వంచింది. 2025లో ఎంఐటీ, హార్వర్డ్ బృందాలు వేర్వేరుగా అతివాహక ప్రవాహపు దృఢత్వాన్ని కొలిచాయి. పట్టీ దాదాపు చదునైతే ఆ దృఢత్వం అంతంతమాత్రంగా ఉండాలి, కొలతలో అంతకంటే బాగా ఎక్కువ వచ్చింది. ఈ తేడాకు కారణం తరంగ ప్రమేయాల ఆకృతి, అంటే క్వాంటం జ్యామితి అని చెబుతున్నారు. ఈ రచయితకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే: వేగం లేని ఎలక్ట్రాన్లు ప్రవహించడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు పట్టీ ఎత్తుపల్లాల్లో కాక దాని అల్లికలో దొరకడం.

గ్రాఫీన్ అవతల

టంగ్‌స్టన్, మాలిబ్డినం వంటి లోహాలు గంధకం, సెలీనియం, టెల్యూరియంలతో కలిసిన పొరలు చాలావరకు అర్ధవాహకాలు. వీటిలో ఎలక్ట్రాన్లు సహజంగానే బరువైనవి కాబట్టి మాయా కోణం పట్టింపు లేదు. చాలా కోణాల్లో పట్టీలు ఇరుకుగానే ఉంటాయి. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ నుంచి మిత్ నాయక్, మనీష్ జైన్ 2018లో ఈ పొరల్లో అతి చదును పట్టీలు వస్తాయని లెక్కగట్టారు. అదే ఏడాది మెక్‌డొనాల్డ్ బృందం, ఇవి హబ్బర్డ్ నమూనా అనే ప్రసిద్ధ సైద్ధాంతిక జాలకానికి నిజరూపం కాగలవని చెప్పింది. 2020లో కార్నెల్, బర్క్‌లీ బృందాలు ప్రయోగంలో అది చూపాయి. గడికి ఒక ఎలక్ట్రాన్ లోటు ఉన్నచోట బంధకం ఏర్పడింది. గడుల్లో మూడింట ఒకటి, మూడింట రెండు నిండినచోట, ఎలక్ట్రాన్లు వికర్షణ వల్ల ఒకదానికొకటి ఎడంగా సర్దుకొని స్ఫటికంలా గడ్డకట్టాయి. మరుసటి ఏడాది ఆ ఎలక్ట్రాన్ స్ఫటికాలను సూక్ష్మదర్శినితో నేరుగా చిత్రించారు.

అన్నిటికంటే పెద్ద వార్త 2023లో మాలిబ్డినం డైటెల్యురైడ్ నుంచి వచ్చింది. అంశిక క్వాంటం హాల్ ప్రభావంలో ఎలక్ట్రాన్ ఆవేశంలో భాగాన్ని మోసే కణరూపాలు పుడతాయి. 1982 నుంచి తెలిసిన ఈ ప్రభావానికి 1998లో నోబెల్ కూడా వచ్చింది. అయితే అన్నాళ్లూ దానికి బలమైన అయస్కాంత క్షేత్రం కావలసివచ్చింది. దాదాపు 3.7 డిగ్రీలు తిప్పిన మాలిబ్డినం డైటెల్యురైడ్ జంటలో, క్షేత్రం ఏమీ లేకుండానే మూడింట రెండు వంతుల స్థితి కనిపించింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో షియావ్‌డాంగ్ షు బృందం, కార్నెల్ బృందం, షాంఘై జియావో టాంగ్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని వేర్వేరు పద్ధతుల్లో చూపాయి. 2024లో ఎంఐటీ శాస్త్రవేత్త లాంగ్ జు బృందం అయిదు పొరల గ్రాఫీన్‌ను బోరాన్ నైట్రైడ్ మీద పేర్చి ఇలాంటి స్థితులనే సాధించింది. తిప్పిన టంగ్‌స్టన్ డైసెలినైడ్‌లో అతివాహకతను కార్నెల్ 3.65 డిగ్రీల వద్ద, కొలంబియా 5 డిగ్రీల వద్ద కనుగొన్నాయి. ఆ పత్రాలు 2025 జనవరిలో అచ్చయ్యాయి. ఉష్ణోగ్రత మాత్రం కెల్విన్‌లో సగం కూడా లేదు.

మిగతావి క్లుప్తంగా. బోరాన్ నైట్రైడ్ పొరలను తిప్పితే, విడిగా లేని విద్యుత్ ధ్రువణం వాటి సరిహద్దులో పుడుతుందని 2021లో తేలింది. కాంతి పడినప్పుడు పుట్టే ఎలక్ట్రాన్, రంధ్రాల జంటలను మోరే గడులు బంధించి ఉంచుతాయని 2019లో నాలుగు బృందాలు చూపాయి. 30 డిగ్రీలు తిప్పిన గ్రాఫీన్‌లో అమరిక ఎక్కడా పునరావృతం కాదు, అది క్వాసీ స్ఫటికం అవుతుంది.

మన దేశంలోనూ ప్రయోగాలు సాగుతున్నాయి. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో మందార్ దేశ్‌ముఖ్ బృందం, రెండు జంట పొరలను తిప్పి పేర్చిన గ్రాఫీన్‌లో పట్టీల టోపాలజీ మారడాన్ని 2022లో హాల్ వోల్టేజి ద్వారా పసిగట్టింది. బెంగళూరులో అరిందమ్ ఘోష్ బృందం మాయా కోణానికి దగ్గరి నమూనాల్లో, వేడి వల్ల పుట్టే వోల్టేజి పాత సూత్రాలకు లొంగడం లేదని అదే ఏడాది చూపింది.

ప్రయోజనాలు, కొత్త పరికరాలు

వాడుకలోకి రావడానికి అడ్డంకులు స్పష్టం. పరికరాలు మైక్రాన్ల కొలతవి, ఒక్కొక్కటీ చేత్తో పేర్చినవి. పనిచేసేది ద్రవ హీలియం చల్లదనంలో. అయినా ఒక అవకాశం ఇప్పటికే కనిపిస్తోంది. ఒకే గ్రాఫీన్ తునక మీద కొంత భాగాన్ని అతివాహకంగా, నడుమ సన్నటి గీతను బంధకంగా గేట్లతో మార్చి, ఎంఐటీ, జూరిచ్ బృందాలు 2021లో జోసెఫ్‌సన్ సంధులు తయారుచేశాయి. మామూలుగా ఇలాంటి సంధికి రెండు పదార్థాలు, వాటి మధ్య శుభ్రమైన సరిహద్దు కావాలి.

కోణం కుదరకపోతే పరికరాన్ని పారేయవలసి రావడం ఈ రంగానికి పెద్ద ఖర్చు. దీనికి విరుగుడుగా, కోణాన్ని ఎప్పుడు కావాలంటే అప్పుడు తిప్పుకోగల పరికరాలు వస్తున్నాయి. 2023లో వైజ్‌మన్ సంస్థలో షహాల్ ఇలానీ బృందం క్వాంటం ట్విస్టింగ్ మైక్రోస్కోపును పరిచయం చేసింది. దాని మొనకు ఒక పొర, కింద ఇంకో పొర ఉంటాయి. మొన తిరుగుతుంటే ఎలక్ట్రాన్లు అనేక చోట్ల ఒకేసారి టనెలింగ్ చేస్తూ ద్రవ్యవేగాన్ని నేరుగా చూపిస్తాయి. అదే పరికరంతో 2025లో తిప్పిన గ్రాఫీన్ జంటలో ఎలక్ట్రాన్లకూ కంపనాలకూ ఉన్న ముడిని కొలిచారు. పొరలు ఒకదాని మీద ఒకటి వ్యతిరేక దిశల్లో జారే మంద్ర కంపనం ఒకటుంది. మిగతా కంపనాలకు భిన్నంగా, ఎలక్ట్రాన్లతో దాని ముడి కోణం తగ్గినకొద్దీ బిగుస్తోందని తేలింది.